హెల్మెట్ ఉందా అని డాక్టర్ అడిగినప్పుడు

ఆ పొద్దున మా ఆయన బండి స్టార్ట్ చేస్తే వెనక చక్రం దగ్గర టకటకమని చప్పుడు వచ్చింది. చైను వదులైంది. వారం నుంచి అట్లనే ఉంది. "ఆదివారం టైట్ చేస్త" అన్నాడు. ఆ రోజు గురువారం. ఏప్రిల్ నెల.

మేం మహారాష్ట్రలో, చంద్రపూర్ వైపు బామ్నిలో ఉంటాం. ఆయన పేరు మల్లేశ్. వంద సీసీ బండి మీద రాజురా, కోర్పనా వైపు ఊళ్లు తిరిగి కిరాణా దుకాణాలకు టీ పొడి, అగర్‌బత్తీలు వేసేవాడు. నేను ఒక మరాఠీ ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా వైపు ఎండాకాలంలో తలకు గుడ్డ చుట్టుకోకుండా ఎవరూ బండెక్కరు. రోజూ పొద్దున నేనే తువ్వాల తడిపి, పిండి, నాలుగు మడతలు పెట్టి ఆయన తలకూ చెవులకూ చుట్టి గడ్డం కింద ముడి వేసేదాన్ని. దాని మీద హెల్మెట్ పెడితే కింద క్లిప్పు అందదు. ఆ రోజు రెండుసార్లు ప్రయత్నించి, "పడుతలేదు, ఓ మడత తీసెయ్" అన్నాడు.

"ఉండనియ్. ఎండ చూస్తున్నవా? క్లిప్పు పెట్టకున్నా ఏం కాదు, హెల్మెట్ అయితే ఉంది గద" అన్నాను.

ఈ మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

పదిన్నరకు స్కూలుకు ఫోన్ వచ్చింది. బావగారు, అంటే ఆయన అన్న, చేశారు. "మల్లేశ్ బండి మీదికెల్లి పడ్డడట. భయపడకు, మాట్లాడుతుండు" అన్నారు. చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లేసరికి క్యాజువాలిటీలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోచేయి గీరుకుపోయింది. భుజం పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "నాకేం కాలే. టీ పొడి అంత రోడ్డు పాలైంది" అన్నాడు. చైను ఊడి వెనక చక్రంలో చిక్కుకుందట. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి బండి జారిందట.

ఆయన్ను తెచ్చిన ట్రక్కు డ్రైవరు నా చేతికి హెల్మెట్ ఇచ్చాడు. "వదినా, ఇది ముందే ఊడి దూరం పోయి పడింది. తర్వాత తల కొట్టుకుంది" అని మరాఠీలో మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ట్రక్కు ఆసుపత్రి ముందు రోడ్డు మీదే ఆపి వచ్చాడు పాపం.

డాక్టర్ వచ్చాడు. చిన్న వయసు. మాతో మరాఠీలోనే మాట్లాడాడు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "హెల్మెట్ ఉందా?" అని అడిగాడు. నా చేతిలో హెల్మెట్ ఉంది. పక్కన బావగారు ఉన్నారు. క్లిప్పు సంగతి చెబితే తువ్వాల సంగతి చెప్పాలి.

"ఉంది" అన్నాను.

మా ఆయన కూడా, "నాకేం కాలే డాక్టర్‌సాబ్, ఇంటికి పంపుండ్రి" అన్నాడు.

డాక్టర్ రాసుకున్నాడు. "కాన్షస్, ఓరియెంటెడ్. బీపీ నార్మల్. భుజానికి ఎక్స్‌రే తీద్దాం. కొన్ని గంటలు అబ్జర్వేషన్‌లో పెడదాం" అన్నాడు. సీటీ స్కాన్ మాట రాలేదు.

ఒంటిగంటకు తలనొప్పి అన్నాడు. ఎండ దెబ్బ అనుకున్నాను. రెండింటికి వాంతి అయింది. తర్వాత నిద్ర వస్తుందన్నాడు. పడుకోనిద్దాం అనుకున్నాను. నర్సు వచ్చి లేపితే లేవలేదు. కళ్లలోకి టార్చి వేసి చూసి, "సర్, ఎడమ కనుపాప పెద్దగా ఉంది" అని గట్టిగా పిలిచింది. అప్పుడు స్కాన్‌కు పరుగెత్తించారు. ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అన్నారు. పుర్రెకూ మెదడు మీది పొరకూ మధ్య రక్తం గడ్డకట్టి మెదడును ఒత్తుతోంది. అట్లాంటి దెబ్బకు మొదట మనిషి బాగానే మాట్లాడతాడట. ఆ కొన్ని గంటలను లూసిడ్ ఇంటర్వెల్ అంటారట. ఆ గంటల్లో నేను ఆయన పక్కన కూర్చుని పుస్తకంతో గాలి విసిరాను.

ఆ రోజు అక్కడ న్యూరోసర్జన్ లేడు. అంబులెన్సులో నాగ్‌పూర్ తీసుకెళ్లాం. నాగ్‌పూర్ డాక్టరు నడివయసు మనిషి. మేం తెచ్చిన కాగితం చదివి, "హెల్మెట్ ఎస్ అని ఉంది. మరి తలకు ఇంత దెబ్బ ఎట్లా తగిలింది?" అన్నాడు. జవాబు కోసం ఆయన ఆగలేదు. "లేటయింది. క్రేనియాటమీ, అంటే పుర్రె తెరిచే ఆపరేషన్, వెంటనే చేయాలి. బతుకుతాడని చెప్పలేను, బతకడని కూడా చెప్పను" అని లోపలికి వెళ్లాడు.

బతికాడు. తొమ్మిది రోజులు వెంటిలేటర్. మధ్యలో న్యుమోనియా వచ్చి ఇంకో వారం ఐసీయూ. కళ్లు తెరిచాక కుడి చేయి, కుడి కాలు సరిగా కదల్లేదు. మాట లేదు. అఫేజియా అన్నారు. "ఆయనకు అన్నీ తెలుసు. మాటే దొరకదు. మీరు తొందరపడి అందించకండి" అని స్పీచ్ థెరపిస్టు చెప్పింది.

ఇంటికి వచ్చాక మొదటి మాట రావడానికి నెల పట్టింది. ఆ మాట నా పేరు కాదు, బావగారి పేరూ కాదు. కిటికీలోంచి బండి చూసి, "చైను" అన్నాడు.

థెరపిస్టుకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె నవ్వి, "అయితే చైనుతోనే మొదలుపెట్టండి. చేతికి ఆ పని ఇవ్వండి" అంది. బావగారు బండిని బాగు చేయించి వాకిట్లో నిలబెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున మా ఆయన చిన్న పీట మీద కూర్చునేవాడు. కుడి చేతిలో పానా నిలిచేది కాదు, ఎడమ చేతితో కుడి చేతిని పట్టుకుని తిప్పేవాడు. పని వరస మాత్రం ఒక్కసారీ తప్పలేదు. ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకుంటాడు. ఇంజను నడుస్తుండగా చైను దగ్గర గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మాకు తెలుసు. బండిని నడిమి స్టాండు మీద నిలబెడతాడు. బొగ్గు దుమ్ముతో గట్టిపడ్డ పాత ఆయిలు తుడుస్తాడు. చైను కింది వరసను మధ్యలో వేలితో ఎత్తి చూస్తాడు. అంగుళం ఆడాలి. ఎక్కువ ఆడితే ఊడుతుంది, తక్కువైతే తెగుతుంది. చక్రానికి రెండు పక్కలా గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూసి నట్టు బిగిస్తాడు. చివరికి బ్రేకు, టైర్ల గాలి. ఇవన్నీ నేను స్కూలు నోటుబుక్కులో రాసుకున్నాను. మొదట్లో ఈ పనికి మూడు గంటలు పట్టేది. దసరా నాటికి గంటన్నరకు వచ్చింది.

నాలుగో నెలలో ఒక ఆదివారం పీట మీద నుంచి పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లంతా కొట్టుకుంది. ఫిట్స్. అవి రాకుండా ఇచ్చిన మాత్ర రెండు రోజులు ఆగిపోయిందని అప్పుడు చూసుకున్నాను. డోసు పెంచారు. నాగ్‌పూర్ డాక్టరు, "ఏడాదిపాటు ఒక్క ఫిట్ కూడా రాకపోతే అప్పుడు బండి గురించి అడగండి. అంతవరకు ముట్టుకోవచ్చు, నడపొద్దు" అన్నాడు. మా ఆయన చంటిపిల్లాడి లెక్క మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అట్లా బండి నేర్చుకోవడం నా వంతు అయింది. బామ్ని బయట ఖాళీ జాగాలో ఆయన రాయి మీద కూర్చుని చెప్పేవాడు. క్లచ్ అనే మాట ఆయనకు దొరికేది కాదు, చెల్లె అనేవాడు. "చెల్లెను మెల్లగ ఇడువు. మెల్లగ! చెల్లె మీద… కోపమేంది?" నేను నవ్వితే బండి ఆగిపోయేది. బావగారు చూడ్డానికి వచ్చి, "ఏం సుజాతా, ఇగ మేం రోడ్డెక్కొద్దా?" అన్నారు. "ఎక్కు. చెట్టు… ఎక్కు" అన్నాడు మా ఆయన. ప్రమాదం తర్వాత అన్న మీద ఆయన చేసిన మొదటి ఎకసెక్కం అది. బావగారు నవ్వుతూనే అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం ఆయన చైను పని ముగించి నాకు హెల్మెట్ పెట్టాడు. తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నాను. క్లిప్పు అందలేదు. ఆయన హెల్మెట్ తీసి, ముడి విప్పి, గుడ్డను ఒక్క పొర చేసి కట్టి, మళ్లీ పెట్టి క్లిప్పు వేశాడు. గడ్డం కింద రెండు వేళ్లు దూర్చి చూశాడు. వణికే కుడి చేత్తో. అంత చిన్న పని అది. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను.

"ఏమైంది?" అన్నాడు.

చెప్పాను. మడత తీయనివ్వలేదని, క్లిప్పు వద్దన్నది నేనేనని, డాక్టరు అడిగితే ఉంది అన్నానని. ఆ రోజు ఆయనకు గుర్తు లేదు. ప్రమాదం ముందురోజు దగ్గర ఆయన జ్ఞాపకం ఆగిపోయింది. అందుకే చెప్పకున్నా నడిచేది. ఏడాది అట్లనే నడిపాను.

ఆయన చాలాసేపు మాట వెతుక్కున్నాడు. నేను అందించలేదు.

"నేను… ఏమన్న? డాక్టర్‌కు?"

"నాకేం కాలే అన్నవ్. ఇంటికి పంపుండ్రి అన్నవ్."

"మరి. నేను సుత… అబద్ధం." రెండు వేళ్లు చూపించాడు. "ఇద్దరం."

కాసేపయ్యాక, "ఆయనకు చెప్పు" అన్నాడు. నాగ్‌పూర్ డాక్టరు గురించి.

తర్వాతి ఫాలోఅప్‌లో చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టి విన్నాడు. "తెలిసి ఉంటే స్కాన్ ముందే తీసేవారేమో. రెండు మూడు గంటలు కలిసొచ్చేవేమో. చేయి ఇంకా బాగుండేదా అంటే నాకు తెలియదు. తెలుసని చెబితే అది అబద్ధమవుతుంది" అన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ తర్వాత మా ఆయన రెండేళ్లున్నాడు. బండి నడపలేదు. ఏడాది దాటాక డాక్టర్ని అడుగుదామా అంటే, "వెనక బాగుంది" అనేవాడు. నన్ను స్కూలు దగ్గర దింపడం పోయి, నేనే ఆయన్ని దుకాణాల దగ్గర దింపేదాన్ని. టీ పొడి మళ్లీ వేశాడు, దగ్గరి ఊళ్ల వరకు. నా భుజం మీద ఆయన కుడి చేయి బరువుగా ఉండేది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు. చెమటలు పట్టాయి. క్యాజువాలిటీలో డాక్టరు అడగకముందే చెప్పాను. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ మాత్రలు ఏ డోసులో వాడుతున్నాడో, తలకు ఏ ఆపరేషన్ అయిందో, ముందురోజు కూడా కొంచెం నొప్పి వస్తే గ్యాస్ అని ఇద్దరం తోసేశామని. అన్నీ చెప్పాను. వాళ్లు చేయగలిగింది చేశారు. మధ్యాహ్నానికి పోయాడు. తలదెబ్బకూ దీనికీ సంబంధం లేదన్నారు.

నిజం చెబితే మనిషి దక్కుతాడని నేను రాయలేను. నాకు దక్కలేదు. కానీ ఆయన పోయిన రోజును నేను తలుచుకోగలను. ప్రమాదం జరిగిన గురువారాన్ని తలుచుకోవడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు అదే బండి మీద స్కూలుకు వెళ్తున్నాను. ఆదివారాలు చైను నేనే చూసుకుంటాను. నాకు నలభై నిమిషాలు పడుతుంది.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. మీ మనిషి బండి మీద నుంచి పడితే, లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పండి. హెల్మెట్ ఉందని ఊరుకోకండి, క్లిప్పు పెట్టి ఉందో లేదో, తల తగిలిందో లేదో చెప్పండి. పక్కన ఎవరైనా ఉంటే నోరు రాకపోవచ్చు. వాళ్లను నీళ్లు తెమ్మని బయటికి పంపండి. వాళ్లు తిరిగొచ్చేలోపు చెప్పేయండి.