తాతయ్య చేసిన మొదటి గేరు

లారీ ఆగిపోతే ఊరికి కాళ్లు పడిపోయినట్టుండేది నా చిన్నప్పుడు. తుష్నాబాద్‌లో మావాళ్ల ఇళ్లు అప్పటికి పదిహేనో ఇరవయ్యో. అడవి కొట్టి పొలాలు చేసుకుంటున్న కాలమది. బియ్యం రావాలన్నా, జబ్బు మనిషి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ ఒక్క పాత లారీయే దిక్కు. దానికి ఏది విరిగినా కొత్తది మద్రాసు నుంచి ఓడలో రావాలి. రెండు నెలలు పట్టేది, ఒక్కోసారి మూడు.

మా తాతయ్య భీమిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కమ్మరి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో కొలిమి పెట్టుకుని మొదట్లో కత్తులూ పారలూ చేసేవాడు. కలప మిల్లువాళ్లు మూల పడేసిన, కాలితో తొక్కి తిప్పే లేత్ మిషన్ ఒకటి తెచ్చి బాగుచేసుకున్నాక లారీకి పిన్నులూ బుష్షులూ చేయడం మొదలుపెట్టాడు. గేరు మాత్రం ఎప్పుడూ చేయలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ లారీ గేరుబాక్సులో ఒక గేరుకి పళ్లు రాలిపోయాయి. సరిగ్గా ఆ వారమే భీమిలి నుంచి అమ్మకి తంతి వచ్చింది. అమ్మమ్మకి బాగా లేదు, వెంటనే రమ్మని. నాన్న మాయాబందర్‌లో అడవి పనిలో ఉన్నాడు. అమ్మ చంటి తమ్ముణ్ణి తీసుకుని ఒక్కతే విశాఖ ఓడ ఎక్కాలి. అది తప్పితే మళ్లీ ఓడ నెల తర్వాతే. నన్ను తాతయ్య దగ్గర ఉంచుతానంది. నన్నూ తీసుకెళ్లమని ఏడ్చాను. కుదరదంటే, అసలు నువ్వే వెళ్లొద్దని ఏడ్చాను. ఆ ఏడుపు ఊరంతా వింది.

గేరు తానే చేస్తానన్నాడు తాతయ్య. యుద్ధకాలంలో జపానువాళ్లు వదిలేసిపోయిన బండి ఒకటి పొదల్లో తుప్పుపట్టి ఉండేది. దాని ఇరుసు కోసుకొచ్చి, కొలిమిలో మెత్తబరిచి, లేత్ మీద గుండ్రంగా తీసి, ఒక్కొక్క పన్నూ రంపంతోనూ ఆకురాయితోనూ కోశాడు. ఆరు రోజులు పట్టింది.

ఓడ బయల్దేరే రోజు తెల్లవారాక గేరుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. పన్ను గట్టిపడటానికి అలా చేస్తారు. తర్వాత తీగకి వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టి విన్నాడు. ఏ వస్తువు చేసినా నాలుగు పక్కలా కొట్టి వినడం ఆయన అలవాటు. పక్కన కూర్చుని నేనూ వినేదాన్ని. మంచి ఇనుము చాలాసేపు మోగుతుంది. ఆ రోజు గేరు మోగుతూ మోగుతూ చటుక్కున ఆగిపోయింది. తాతయ్య ఒక్క దెబ్బే కొట్టాడు. ఒక్క క్షణం తల వంచుకుని నిలబడి, గేరు తీసుకుని లారీ కిందికి వెళ్లిపోయాడు.

నేను నోరు తెరవలేదు. రాంచీ నుంచి వచ్చిన డ్రైవరు భయ్యా పక్కనే నిలబడి, "చాచా, జల్దీ! సాయంత్రం జహాజ్ ఎల్లిపోద్ది," అంటున్నాడు. అమ్మ మూట కట్టుకుని కూర్చుంది. చెబితే ఎవరు నమ్ముతారు? అమ్మ వెళ్లకూడదని అబద్ధం చెబుతున్నానంటారు. నిజంగానే అందుకు అలా వినిపించిందేమో అని నాకే అనుమానం. గేరు బిగిస్తున్నంతసేపూ అక్కణ్నుంచి కదల్లేదు. పక్కింటి అక్క గంజి పెడితే తాగలేకపోయాను. పోర్ట్ బ్లెయిర్ దారిలో ఒక పెద్ద దిగుడు ఉంది. ఆ లారీ బ్రేకుల మీద ఎవరికీ నమ్మకం లేదు, గేరు మీదే దింపేవారు; అక్కడ పన్ను విరిగితే లారీని ఆపేది ఏదీ ఉండదు.

మధ్యాహ్నానికి పన్నెండు మంది ఎక్కారు. అమ్మ పైనుంచి నాకేసి చెయ్యి ఊపింది. లారీ కదిలింది. అప్పుడు నా కాళ్లు నన్నడగకుండానే పరిగెత్తాయి. తాతయ్య పంచె పట్టుకుని, "తాతయ్యా, అది సరిగా మోగలేదు," అన్నాను.

తాతయ్య చెయ్యెత్తి లారీని ఆపాడు.

డ్రైవరు భయ్యా దిగి కేకలేశాడు. "అరే, బచ్చీ మాట ఏటి చాచా! తల్లి ఎల్లిపోద్దని నాటకమాడతంది!" ఎక్కినవాళ్లూ అదే అన్నారు. అమ్మ నాకేసి చూసిన ఆ చూపు ఎంతకాలమైనా మరవలేను.

"దిగండి అందరూ," అన్నాడు తాతయ్య. గేరుబాక్సు విప్పడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఓడ దొరకదని అందరికీ తెలిసిపోయింది. చంటిబిడ్డతో నడిచి వెళ్లినా అందే దూరం కాదది. నేను షెడ్డు వెనక్కి పోయి, గేరు పగిలి ఉండాలని ఒకసారీ, పగలకూడదని ఒకసారీ మొక్కుకున్నాను.

తాతయ్య గేరుని కిరసనాయిల్లో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, మీద సుద్దపొడి జల్లాడు. అందరూ చుట్టూ చేరారు. కాసేపటికి తెల్లటి పొడి మీద, ఒక పన్ను మొదట్లో, పగుల్లో దూరిన కిరసనాయిలు వెంట్రుకంత తడిగీతగా పైకి తేలింది. సుత్తితో ఒక్కటి వేస్తే ఆ పన్ను విరిగి కింద పడింది.

డ్రైవరు భయ్యా తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దున్నే ఎందుకు చెప్పనేదే అమ్మీ?" అన్నాడు తాతయ్య.

"అందరూ ఎల్లిపోవాలని తొందరపడతన్నారు కదా," అన్నాను.

ఆయన లేచి అందరికేసి తిరిగాడు. "నాకూ అనుమానం ఏసింది. రెండో దెబ్బ కొడితే తెలిసిపోద్దని కొట్టనేదు. ఓడ టైమైపోతందని నన్ను నేనే మోసం చేసుకున్నాను. ఈ గుంట భయపడతానే చెప్పింది. నేను అదీ చెయ్యనేదు." చేతులు జోడించి అమ్మతో, "కోడలా, తప్పు నాది," అన్నాడు. ఊళ్లో పెద్దమనిషి అంతమంది ముందు అలా అనడం నేనెప్పుడూ చూడలేదు.

రెండో గేరుకి ఇంకో వారం పట్టింది. దాన్ని నాలుగు పక్కలా కొట్టి, నాచేతా కొట్టించి, అప్పుడు బిగించాడు. ఆ గేరుతో లారీ ఏళ్ల తరబడి నడిచింది. అమ్మ తర్వాతి ఓడలో వెళ్లింది. అప్పటికి అమ్మమ్మ పోయి పదకొండు రోజులు.

ఆ గేరు సంగతి విని ద్వీపం నలుమూలల నుంచీ లారీలవాళ్లు రావడం మొదలుపెట్టారు. మెల్లగా కరెంటు లేత్ వచ్చింది, గేరు పళ్లు కోసే మిషన్ వచ్చింది, క్లచ్చు సామానూ షాఫ్టులూ చేసి మాయాబందర్ దాకా పంపేవాళ్లం. ఎంత పని పెరిగినా, తొందరపెట్టేవాళ్లని తాతయ్య షెడ్డులో నిలబడనిచ్చేవాడు కాదు. నేను పెద్దయ్యాక ప్రతి వస్తువూ పరీక్షించే పని నాకే అప్పగించాడు.

అమ్మని ఒకసారి అడిగాను, నామీద కోపం రాలేదా అని. "వచ్చింది. చాలా రోజులుంది," అంది. మళ్లీ తనే, "లారీ మీద ఉన్నది నేనొక్కదాన్నే కాదు కదే," అంది.

నలుగురూ తొందరపడేచోట నాకొక్కదానికే అనుమానం వస్తే, డెబ్బై దాటిన ఈ వయసులోనూ అలాగే భయం వేస్తుంది. ఆ భయం పోయేదాకా ఆగితే పని జరగదని మాత్రం ఆ రోజు నుంచీ తెలుసు. ముందు చెప్పేస్తాను. వణకడం తర్వాత.