పేరు చెప్పని ఆకు

“ఆకే కదా, ఏం చేస్తుంది?” అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఉమ్మెత్తాకూ ఆకే, గన్నేరాకూ ఆకే. అయినా ఏమీ చెయ్యని ఆకైతే రోగం తగ్గుతుందని ఎందుకు తింటున్నట్టు? ఏదో చేస్తుందనే కదా! మేలు చేసే బలం ఉన్నదానికి కీడు చేసే బలం ఉండదా? ఇంత చిన్న సంగతి మా అత్త తలకెక్కించబోయి నా తల పగలగొట్టుకున్నాను.

మా అత్త అంటే మా ఆయన తల్లి, మా నాన్నకు సొంత అక్క. అందుకే మా ఇద్దరి మధ్య మర్యాద తక్కువ, నోరు ఎక్కువ. బంగారు గనులు మూతపడి ఇన్నేళ్లయినా కేజీఎఫ్‌లో గని కూలీలకిచ్చిన ఆ పాత లైను ఇల్లు వదలని మనిషి. షుగరుంది. పొద్దున్నే మాత్ర నేనే చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతాను. నన్ను జైలు వార్డరంటుంది. అననీ.

పోయిన చలికాలంలో ఒకరోజు, మా ఆయన మారికుప్పంలో ఆరు గంటల రైలెక్కి బెంగళూరు వెళ్లిపోయాక, పితకపప్పు చేద్దామని నానిన అనపగింజలు అత్త ముందు పెట్టాను. గింజ పితికితే పప్పు ఒక గిన్నెలోకి, పొట్టు ఒక గిన్నెలోకి పోవాలి. కాసేపటికి వచ్చి చూస్తే పొట్టంతా పప్పు గిన్నెలో ఉంది, పప్పు కింద నేల మీద ఉంది. ఆ చలిలో ఆమె రవిక వెన్నంతా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి.

“అత్తా, ఏమైంది నీకు?”

“నాకేమైంది? నీకే ఏమో అయ్యుండాది” అంది, నాలుక మడతపడుతుంటే.

షుగరు దిగిపోతోందని అర్థమైంది. పరుగున వెళ్లి చక్కెర డబ్బా తెచ్చి రెండు చెంచాలు నోట్లో పోశాను. మొహం చిట్లించి ఉమ్మబోయింది.

“ఏమ్మే ఇది? ఇసక పోసినావు నోట్లో!”

“చక్కెర అత్తా.”

“చక్కెర నేనెరగనా? ఇది ఇసక.”

“ఇసకే అనుకో. మింగు!”

మింగించాను. నీళ్లలో కలిపి ఇంకో గ్లాసు తాగించాను. చేతులు పని చేస్తున్నాయి గానీ బుర్ర ఆ ఇసక దగ్గరే ఆగిపోయింది. నేను బీఎస్సీ బోటనీ. కోలారులో చదివేటప్పుడు మా లెక్చరరు మమ్మల్ని అంతరగంగె కొండకు తీసుకుపోయి, పొదల మీద అల్లుకున్న ఒక తీగ ఆకు నమలమన్నారు. నమిలాక తలా ఒక మైసూరుపాకు ముక్క ఇచ్చారు. సబ్బు ముక్క కొరికినట్టుంది. అది పొడపత్రి. కన్నడంలో మధునాశిని అంటారు. నాలుక మీద తీపిని కాసేపు చంపేస్తుంది. షుగరుకు మంచిదని మా పక్క తరతరాలుగా నములుతున్నారు. నిజంగానే షుగరును ఎంతో కొంత దించుతుంది కూడా. అక్కడే ఉంది చిక్కు. మాత్రా దించుతుంది, ఆకూ దించుతుంది. రెండూ కలిసి మనిషిని ఎక్కడికి దించుతాయో ఎవరు చెప్పాలి?

పావుగంటకు మాట తిన్నగా వచ్చింది. “ఆకలేస్తా ఉండాది” అంది.

ఇడ్లీ ముందు పెట్టి అడిగాను. “పొడపత్రి తిన్నావు కదా?”

ఆమె రెండు చెవులూ మూసుకుంది. “పేరెత్తొద్దు మే! పేరు చెప్తే గుణం పోతాది.”

అది మా వైపు కట్టు. నాటుమందు ఇచ్చినవాళ్లు ఆకు పేరు చెప్పరు, పుచ్చుకున్నవాళ్లు అడగరు, ఒకవేళ తెలిసినా పైకి అనరు. ఆ నోరు ఇక తెరుచుకోదని నాకు తెలుసు. ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాను.

అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, నాటుమందు ఏమైనా వాడుతున్నారా అని అడిగింది.

“లేదమ్మా” అంది మా అత్త, నిబ్బరంగా.

“పొడపత్రి తింటోంది” అన్నాను నేను.

“ఇది చదువుకున్నాది కదా, అన్నీ దీనికే తెలుసు” అని డాక్టరమ్మతో అంది, నన్ను చూపిస్తూ.

డాక్టరమ్మ నాకంటే ఓపికగల మనిషి. సాయంత్రందాకా అక్కడే పడుకోబెట్టి గంటగంటకూ చూసింది. మాత్ర ఇంకా ఒంట్లో ఉంటుందట, షుగరు మళ్లీ దిగొచ్చట. పంపేముందు నాతో అంది: “ఎన్ని ఆకులు, ఎన్నాళ్ల నుంచి, ఇంకేమైనా కలిపారా అన్నది తెలియకుండా మాత్ర ఎంత రాయాలమ్మా నేను? రేపటి మాత్ర వెయ్యకండి. కనుక్కుని పొద్దున్నే రండి. ఇంకోసారి ఇలా ఇంట్లో ఎవరూ లేనప్పుడు అయితే మనిషి దక్కదు.”

ఆ చివరి మాటతో నా కోపానికి కాళ్లొచ్చాయి. అత్తను ఇంట్లో దింపి నేరుగా వెనక లైనులో ఉండే ఆకులవ్వ దగ్గరికి పోయాను. అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆవని గుట్టల నుంచి ఆకులు తెచ్చి ఇస్తుంది. గనుల వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బల దగ్గర మొలిచింది మాత్రం చేత్తో ముట్టదు. గుమ్మంలోనే మొదలుపెట్టాను. అడ్డమైన ఆకులూ ఇస్తావు, ఎదుటి మనిషి ఏ మాత్ర వేసుకుంటోందో అడగవా, పెద్దదానివి ఆ మాత్రం తెలీదా అని.

ఆమె చేతిలోని చేట కింద పెట్టింది. “అయ్యిందా నీ అరుపు? ఇంగ నేను అడిగేది చెప్పు. ఇంగ్లీషు మాత్ర నిలిపేసినానని మీ అత్త నా ముందర దేవుడి మీద ప్రమాణం చేసింది. అది అబద్ధమా?”

“ఈ పొద్దున కూడా నా చేత్తోనే మింగించాను” అన్నాను, గొంతు తగ్గించి. ఇది నా జీవితంలో తరచుగా జరిగేది కాదు.

“మాత్ర మింగేవాళ్లకి నేను ఆకు ఇచ్చేదే లేదు” అంటూ చీర కొంగు దోపుకుని నాకంటే ముందు మా ఇంటికి నడిచింది.

మా అత్త మంచం మీద కూర్చుని ఉంది. ఆకులవ్వను చూడగానే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఆకులవ్వ దాన్ని లాగేసింది.

“డాక్టరుకాడ ఆకు దాచినావు, నాకాడ మాత్ర దాచినావు. ఎవర్ని మోసం చేసినావు? నిన్నా, మమ్మల్నా?”

“పేరు చెప్పకూడదని నువ్వే కదక్కా చెప్పినావు?”

“ఎందుకు చెప్పినాను? పేరు తెలిస్తే కనపడిన ప్రతి తీగా పీక్కోని నమిలి చస్తారని! మా అమ్మ పెట్టిన కట్టు అది. డాక్టరుకాడ దాచమని కాదు. తెలివి లేనిదానా!”

ఇరవై ఏళ్లుగా ఆ కట్టును మూఢనమ్మకమని తిట్టుకుంటూ వచ్చాను నేను. దాని వెనక ఇంత తెలివైన కారణం ఉందని ఒక్కరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు, నిజం చెప్పాలంటే.

అత్త ఏడుపు మొదలుపెట్టింది. “మా చెల్లెలు మాత్రలు ఒక్కపూట మానకుండా మింగింది. అయినా పాదం తీసేసినారు. ఒకటి పట్టుకోకపోతే ఇంగొకటైనా పట్టుకుంటాదని రెండూ తిన్నాను. నా కాలు పోతే నాకు దిక్కెవరు?”

“నేను చచ్చినానా?” అన్నాను. మెత్తగా అందామనుకున్నాను గానీ అరుపులాగే వచ్చింది.

మర్నాడు ముగ్గురం ఆటోలో ఇరుక్కుని ఆస్పత్రికి పోయాం. ఆకులవ్వ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, పరగడుపున నాలుగాకులు, నెలన్నరగా, వేరే ఏమీ కలపలేదని చెప్పింది. ఆకు పేరు కూడా తానే చెప్పింది, ఖంగుమని. డాక్టరమ్మ అంతా రాసుకుని, ఆకు నిలిపేయాలని, మాత్ర తగ్గించి ఇస్తానని, వారం తర్వాత మళ్లీ చూస్తానని చెప్పింది. మా అత్త ఎవరి మొహమూ చూడలేదు. చెప్పు విడిచి కుడి పాదం ఎత్తి, అడక్కుండానే స్టూలు మీద పెట్టింది.

“ఆకు వద్దంటే వద్దు. ముందు నా కాలు చూడు తల్లీ.”

డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో అరికాలంతా ఒక్కోచోట తాకుతూ పోయింది. తాకినప్పుడల్లా చెప్పమంది. బొటనవేలి కింద, “ఆఁ.” మడమ దగ్గర, “ఆఁ.” పుల్ల చిటికెనవేలి దగ్గరికొచ్చి ఆగింది, “ఆఁ” మాత్రం రాలేదు. నేనూ ఆకులవ్వా ఒకరి చెయ్యి ఒకరం ఎప్పుడు పట్టుకున్నామో మాకే తెలీదు.

“ఇంగా తాకలేదు కదా నువ్వు? నాకు తెలస్తా ఉండాదిలే” అంది మా అత్త, కళ్లు మూసుకునే.

డాక్టరమ్మ నవ్వి, అప్పుడు తాకింది.