కోదాడలో పుర్రచేతి అల్లిక

పొద్దున ఆరున్నరకు ఎల్బీనగర్‌లో సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఏడాది తర్వాత నేను ఒంటరిగా చేస్తున్న మొదటి ప్రయాణం ఇది. నిరుడు వానాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఇరవై ఆరేళ్లు జాకెట్లు కుట్టి బతికినదాన్ని. ఆ చెయ్యి ఇప్పుడు కత్తెర పట్టదు, గుండీ పెట్టదు, ఊరికే ఒళ్లో పడి ఉంటుంది.

అల్లిక పనేదైనా నేర్చుకుంటే వేళ్లకు మంచిదని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది. కోదాడలో మేదరి పనివాళ్ల సంఘం రెండు రోజులు వెదురుబుట్టల అల్లిక నేర్పుతోందని ఫోన్లో చూశాను. మా అమ్మాయి స్వాతి వద్దంటే వద్దంది. "బస్సులో రాడ్డు ఏ చేత్తో పట్టుకుంటావమ్మా?" అని అడిగింది. నాకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఎనిమిది వందలు కట్టేశాను. రెండు పూటల భోజనం, టీలు, వెదురు అన్నీ అందులోనే.

సూర్యాపేటలో దిగేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ చెప్పి, చెంచా అడిగాను. చెంచాలు లేవన్నాడు. ఎడమ చేత్తో తింటుంటే ఎదురు బల్ల మీది పెద్దాయన నా వంకే చూశాడు. తప్పు పట్టే చూపు కాకపోవచ్చు. అయినా రెండో ఇడ్లీ వదిలేసి కోదాడ బస్సెక్కాను. అక్కణ్ణుంచి గంట ప్రయాణం, హైవే మీద కుదుపుల్లేవు. కిటికీ పక్కన సీటు దొరికితే రాడ్డుతో పనే లేదని స్వాతికి మెసేజ్ పెట్టాను.

లాడ్జిలో గది ఆరు వందలు. "మీరొక్కరేనాండీ, సామాను పైకి చేర్పించమంటారా?" అని మర్యాదగా అడిగాడు మేనేజరు. కోదాడకొచ్చేసరికి మాటలో కృష్ణా జిల్లా కలుస్తుంది. సంచి నేనే మోసుకుపోయాను. రెండు అంతస్తులకు నాలుగుసార్లు ఆగాను.

శిక్షణ పదకొండుకు మొదలైంది. రేకుల షెడ్డు, కింద చాపలు, నానబెట్టిన వెదురు పచ్చి వాసన. మేం తొమ్మిది మందిమి. నేర్పే ఆవిడ పేరు లింగమ్మ, మిర్యాలగూడ నుంచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. కత్తి కదుపుతున్నట్టే ఉండదు, వెదురు తనంతట తానే చీలి బద్దలవుతున్నట్టుంటుంది. ముందు బుట్ట అడుగు వేయించింది: ఆరు బద్దల మీద అడ్డంగా ఆరు బద్దలు. చివరలు లెక్కపెడితే ఇరవై నాలుగు. అందులో ఒకదాన్ని నిలువునా చీల్చి ఇరవై ఐదు చేయాలట. నిలువు బద్దలు సరిసంఖ్యలో ఉంటే ప్రతి చుట్టూ ఒకే చోట పైకొస్తుంది, అల్లిక పట్టదు. బేసి అయితేనే బుట్ట నిలుస్తుంది.

నేను కుడిచేతిని కొంగు కింద దాచుకుని, మోకాళ్ల మధ్య అడుగును నొక్కిపట్టి, ఎడమ చేత్తో అల్లడం మొదలుపెట్టాను. గంట తర్వాత పక్కన కూర్చున్న సునీత నవ్వింది. ఆమెది ఆత్మకూరు, అంగన్‌వాడీ టీచరు.

"అక్కా, మా బుట్టలన్నీ హైదరాబాద్ దిక్కు పోతున్నయి, నీదొక్కటి విజయవాడ దిక్కు పోతున్నది."

నిజమే. అందరి అల్లికా ఎడమ నుంచి కుడికి తిరుగుతోంది, నాది కుడి నుంచి ఎడమకు. షెడ్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. లింగమ్మ మాత్రం నవ్వలేదు. వచ్చి నా ముందు కూర్చుని, బుట్టను చేతిలోకి తీసుకుని, అల్లిక మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"పుర్రశెయ్యా నీది?" అని అడిగింది.

పుర్రచెయ్యి అంటే ఎడమచేతి వాటం. అవునన్నాను. చిన్నప్పటి నుంచా అంది. దానికీ అవునన్నాను. ఎందుకు అబద్ధమాడానంటే, ఎడమచేతి వాటం మనిషినని చెప్పుకోవడంలో సిగ్గు లేదు. పడిపోయిన చెయ్యి అని చెప్పుకోవడంలో నాకు సిగ్గుంది.

మర్నాడు సాయంత్రం దాకా ఆమె నన్ను వదల్లేదు. ఆమె భర్తది పుర్రచెయ్యట. మూడేళ్ల కింద పోయాడు. ఆఖరున వడ్ల కోసం పెద్ద గంప ఒకటి మొదలుపెట్టి, ఐదు చుట్లు మిగిలుండగా మంచాన పడ్డాడు. కొడుకు పూర్తి చేద్దామని కూర్చుంటే చెయ్యి ఆ వైపు తిరగలేదు. ఆమెకూ తిరగలేదు. ఎదురు అల్లిక కలిస్తే గంప అక్కడే విప్పుకుపోతుంది. బాగుచేసే దారి లేదు, పారేయడానికి మనసు రాదు. ఆ ఐదు చుట్లు అల్లడానికి నన్ను మిర్యాలగూడ రమ్మంది. ఎలాగూ నేను తిరుగు రైలు అక్కడే ఎక్కాలనుకున్నాను. సరేనన్నాను.

ఆ సాయంత్రమే బయల్దేరాం. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు దాదాపు రెండు గంటలు పట్టింది. ఇద్దరికీ జీరో టికెట్లే. కాలువ కట్టల వెంట నాట్లు పూర్తయిన పొలాలు. ఊళ్లోకి వచ్చాక మిల్లుల ముందు లారీల వరస, గాలిలో తవుడు. మిల్లులోళ్లు గంపలు మానేసి ప్లాస్టిక్ తట్టలు వాడుతున్నారని ఆమె చెబుతోంది. నేను వింటున్నట్టు తలూపుతున్నాను కానీ, మర్నాడు పొద్దున ఆ గంప ముందు కూర్చుంటే నా బండారం బయటపడుతుందన్న భయం తప్ప నాకేమీ తలకెక్కలేదు.

రాత్రి ఆమె ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున ఏడున్నరకు వాకిట్లో గంప పెట్టింది. రాత్రంతా తడి గోనె కప్పి ఉంచడంతో ఎండిన బద్దలు మెత్తబడ్డాయి. నడుము ఎత్తు గంప, ఒక్క బద్ద అటూ ఇటూ కాలేదు. అంత చక్కని పని ముందు అబద్ధం నిలవలేదు. కొంగు తీసి కుడిచెయ్యి చూపించాను. పుట్టుకతో వచ్చిన వాటం కాదు, నిరుడు చెయ్యి పడిపోయింది, మీతో అబద్ధమాడానని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

లింగమ్మ నానిన బద్ద ఒకటి తీసి నా ఎడమచేతిలో పెట్టింది.

"పుట్టినకాడి నుంచో నిరుటి నుంచో, బద్దకేమెరుక చెల్లె? అల్లు."

అల్లబోతే గంప కదిలిపోతోంది. ఇంత పెద్ద గంప మోకాళ్లకు ఆగదు. అప్పుడామె నా కుడిచేతిని పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, గంప అంచు లోపలికి ఆనించి పెట్టింది.

"ఇది పట్టకపోతే పట్టకపాయె. బరువున్నది గద, గీడ ఉండనీ."

ఏడాదిగా ఆ చేతిని ముడవమన్నారు, ఎత్తమన్నారు, బంతి నొక్కమన్నారు. ఊరికే ఉండి కూడా పనిచేయొచ్చని ఎవరూ చెప్పలేదు. గంప కదలడం ఆగింది. మొదటి చుట్టుకు గంటన్నర పట్టింది. ఐదోది అరగంటలో అయింది. మధ్యలో ఆమె జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఎడమ చేత్తోనే తిన్నాను, అటూ ఇటూ చూడకుండా.

పైన అంచు కట్టు ఆమె కట్టింది. దానికి వాటంతో పనిలేదట. కట్టాక గంపను ఎండలోకి జరిపి చూసింది. భర్త ఎక్కడ ఆగాడో, నేనెక్కడ మొదలుపెట్టానో స్పష్టంగా తెలుస్తోంది. నావన్నీ వదులు. విప్పి మళ్లీ బిగిస్తానన్నాను.

"వద్దు. ఆయనవి గట్టిగున్నయి, నీవి జర వదులున్నయి. ఇద్దరి శేతులు కానొస్తున్నయి," అని, తడి అంచును అరచేత్తో నిమురుతూ అక్కడే కూర్చుండిపోయింది.

సాయంత్రం రైలుకు జనరల్ టికెట్ తీసుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: పాత బట్టలు తీసుకెళ్లండి, వెదురు గీసుకుంటుంది కాబట్టి వేళ్లకు చుట్టుకోవడానికి గుడ్డపీలికలు పెట్టుకోండి. మీ చేతులెలా ఉన్నాయో మొదటి రోజే చెప్పేయండి. అక్కడివాళ్లు జాలిపడరు, పని చెబుతారు. నేను రెండు రోజులు వృథాగా దాచుకున్నాను.

నల్గొండ దాటాక స్వాతికి ఫోన్ చేశాను. తిన్నావా, మందులేసుకున్నావా అని వరసగా అడుగుతోంది. ఆ ప్రశ్నలు అయ్యేదాకా ఆగి, నన్ను తీసుకెళ్లడానికి స్టేషన్‌కు వచ్చేటప్పుడు పుర్రచేతి కత్తెర ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోమన్నాను. గుడ్డ మీద కుడిచెయ్యి బరువుకు పెట్టి, ఎడమ చేత్తో కత్తిరించి చూస్తానన్నాను. మొదట్లో జాకెట్లు పాడవుతాయని కూడా చెప్పాను.

అటునుంచి పెన్ను కోసం సొరుగు లాగిన చప్పుడు వినిపించింది.

"ఎన్నో నంబరుదమ్మా?" అంది.

పదో నంబరన్నాను, ఇరవై ఆరేళ్లు నేను పట్టిన సైజే.