చుక్క కూడా కారకూడదని

ఈ మధ్య అనంతపురంలో, పొద్దున్నే బ్యాడ్మింటన్ ఆడే మా రిటైరయినవాళ్ల గుంపులోకి కొత్తగా వచ్చిన ఒకాయన తన రాకెట్టు నా చేతిలో పెట్టి, దీని షాఫ్టు మొత్తం గ్రాఫైటే అన్నా, పట్టుకుంటే బరువే తెలీదు అని మురిసిపోయాడు. నిజంగానే బరువు లేదు. కానీ గ్రాఫైటు, షాఫ్టు అన్న రెండు మాటలూ ఒకే నోట వినేసరికి ఆ రోజు ఆడలేక పక్కన కూర్చుండిపోయాను. బావుల కాలం చూసిన నా ఈడువాళ్లు నవ్వరన్న ధైర్యంతో ఆ సంగతి చెబుతున్నాను.

బెళుగుప్ప దగ్గర మాకు మెట్టపొలం ఉండేది. వేరుశనగతో విసిగిపోయిన మా నాయన బావి పక్కన చీనీ, అంటే బత్తాయి, తోట వేశాడు. బావి లోపలి గట్టు మీద మోటారూ పంపూ ఉండేవి. మోటారు తిప్పే ఇనుప షాఫ్టు పంపులోకి దూరే చోట గ్రాఫైటు పట్టించిన నల్లతాడు చుట్టి, పైన బిళ్ల పెట్టి రెండు నట్లతో బిగించేవారు. ఆ సందులోంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతూనే ఉండాలి. ఆ తడే తాడునూ షాఫ్టునూ చల్లగా ఉంచుతుంది. పంపు బిగించిన మెకానిక్కు ఆ మాట మాకు ఒకటికి రెండుసార్లు చెప్పే వెళ్లాడు, కానీ వినేదెవరు? డబ్బును నీళ్లలా ఖర్చు పెడతాడని ఎవరినైనా అంటే మా ఊళ్లో అది మెచ్చుకోలే అవుతుంది. ముఖం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్లు ఎనుముకు పోయే ఇంట్లో పుట్టిన మనిషి, కళ్లెదుట బొట్లు కారిపోతుంటే ఎలా సహిస్తాడు? అమ్మ దాని కింద బిందె పెట్టినా నాయన మనసు ఒప్పలేదు. బావిలోకి దిగినప్పుడల్లా స్పానరుతో ఆ నట్లు ఇంకాస్త బిగించి వచ్చేవాడు.

నేను గుంతకల్లులో రైల్వే ఉద్యోగంలో కొత్తగా చేరినప్పటి మాట. తోట మొదటిసారి పిందె పట్టిన వేసవి అది. సెలవుకని నేను ఇంటికి వెళ్లిన రోజు నాయన బావిలోంచి పైకొచ్చి, కొత్త పెళ్లికొడుకులా నవ్వుతూ, "ఇప్పుడు సూడుపో, ఒక్క సుక్క గూడా కారేది ల్యా" అన్నాడు. ఇద్దరం తోట చివర మడవ తిప్పి చెట్లకు నీళ్లు మళ్లిస్తుండగా బావిలోంచి ఒక కేక లేచింది. ఇనుము అలా ఏడుస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. పరుగెత్తి వెళ్లేసరికి తాడు మాడిన కంపు, పొగ. మోటారు ఆగిపోయింది. కాలువలో ఉన్న కాసిని నీళ్లూ మేం చూస్తుండగానే ఇంకిపోయాయి.

షాఫ్టును గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని గుంతకల్లుకు తీసుకెళ్లాను. లేతు పనిచేసే ఆయన దాని మీద పడిన గాడిని వేలితో తడిమి, ఇది పనికిరాదు, కొత్తది తెప్పించాల్సిందే అన్నాడు. అది వచ్చేలోగా ఆ ఎండలకు పిందెలు రాలాయి, తర్వాత ఆకులు, చివరికి కొమ్మలే ఎండాయి. అమ్మా నాయనా బిందెలతో మోశారు గానీ, బిందెలతో తోట బతుకుతుందా? చెట్లు కొట్టించిన రోజు నాయన పొలానికి రాలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

అమ్మ పోయాక ఆయన చివరిదాకా నా దగ్గరే క్వార్టర్సులో ఉన్నాడు. ఎవరైనా కొళాయి గట్టిగా కట్టేస్తే చాలు, లేచి వెళ్లి కాస్త వదులు చేసేవాడు. నా భార్య విసుక్కుంటే, "ఉండనీమ్మా, ఆ బొట్టు కారనీ. ఆరిపోతే కాలిపోతాది" అనేవాడు. మేం పెద్దతనమని సరిపెట్టుకున్నాం. ఆయన కళ్లలోని భయం మాత్రం నాకు తెలుసు.

ఇప్పుడు బోర్లలో మోటార్లు నీళ్లలోనే మునిగి ఉంటాయి, పైకి బొట్టు కారే పనే లేదు. మా బావిలోనూ కారడానికి నీళ్లు లేవు, కంపచెట్లు మొలిచాయి. ఇంట్లో కొళాయిలూ కొత్తరకానివి, వేలితో నొక్కితే టక్కున ఆగిపోతాయి. అయినా ఏ మధ్యాహ్నమో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి ఎక్కడా చుక్క చప్పుడు వినిపించకపోతే నేను కూర్చోలేను. లేచి వెళ్లి, ట్యాంకరు నీళ్లని తెలిసీ, కొళాయి కొంచెం వదులుతాను. కారతాండాదిలే నాయనా, నువ్వు పడుకో అనుకుంటాను.