బ్రేకులు బాగానే ఉన్నాయి

మా ఆయన యాక్సిడెంట్ చేశారని, అందుకే కారు అమ్మేశామని మా సీతాఫల్‌మండి గల్లీలో ఒక మాట తిరుగుతోంది. కూరగాయల బండి దగ్గర నా చెవినే పడింది. అది నిజం కాదు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి. ఎవరి ఒంటి మీదా గీత పడనివ్వలేదు. కారు అమ్మిన కారణం వేరు. అందులో నా తప్పు కొంత ఉంది. అది చెప్పకుండా ఆయన మీద మాట పడనివ్వడం న్యాయం కాదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మిగతాదంతా మా పేటలోని శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. చెదల గురించి, గ్రహణాల గురించి, కుట్టు మిషన్ గురించి, ఏది అవసరమైతే అది తెచ్చి చదివేదాన్ని. ఇంట్లో ఏది పాడైనా ముందు లైబ్రరీకి పోవడం నా అలవాటు. ఆ అలవాటు మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడూ పూర్తిగా పోలేదు.

మాది చిన్న పాత కారు. రోజూ పొద్దున నలుగురు టీచరమ్మలను ఎక్కించుకుని తిరుమలగిరిలో వాళ్ల బడి దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం ఆయన పని. అదే మా బతుకు. ఆయన చెప్పులు విప్పి కారు ఎక్కేవారు. అన్నం పెట్టే బండిలో చెప్పుకాలు పెట్టకూడదని వాళ్ల నాన్న నేర్పారట. దానికి ఆయన ఇంకొకటి కలిపారు: "కాలికి తెల్వాలెనే. చెప్పేసుకుంటే పెడల్ ఏం చెప్తున్నదో ఎట్ల ఇనపడ్తది?"

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం నీళ్లు తాగుతూ అన్నారు. "బ్రేకు తెలుస్తలేదే. తొక్కితే పట్టదు. పట్టిందంటే ఒక్కసారే పట్టుకుంటది."

తరవాతి వారం ఒక టీచరమ్మ దిగుతూ నవ్వుతూనే అంది. "అన్నా, రేపటి నుంచి జెర మెల్లగ. నా టిఫిన్ డబ్బా ముందు సీట్లకు ఎగిరింది." ఆయన నవ్వలేదు. ముప్పై ఏళ్లలో ఆయనకు ఎవరూ మెల్లగా పొమ్మని చెప్పలేదు.

నేను మర్నాడే లైబ్రరీకి పోయాను. మోటారు వాహనాల మరమ్మతు మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. బ్రేకు వేసినప్పుడు కుదుపు వస్తే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కు వంకర తిరిగి ఉండవచ్చని, దాన్ని నొక్కిపట్టే ప్యాడ్లు అరిగి ఉండవచ్చని అందులో ఉంది. బొమ్మలతో సహా నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

నేను తమ్ముడని పిలిచే, మాకు తెలిసిన మెకానిక్ చక్రాలు విప్పి చూశాడు. "వదినా, ప్యాడ్లు ఇంక సగం ఉన్నయ్. డిస్కులు సుత మంచిగనే ఉన్నయ్. ఫికర్ చేయకుర్రి."

"మరి కుదుపెందుకొస్తున్నది?" అని నోటుపుస్తకం తీశాను.

"వామ్మో, మళ్ల పుస్తకం తెచ్చినవా?" అని ఆయన వైపు తిరిగాడు. "అన్నా, వదినకు ఈ షెడ్డు రాసియ్యి. నేను పోయి లైబ్రరీల కూసుంట."

అందరం నవ్వాం. కానీ నేను వదలలేదు. కంటికి కనిపించని వంకర కూడా ఉంటుందని చదివి వినిపించాను. పక్క లేతు షాపులో డిస్కులను కాస్త చెక్కిస్తే సరిపోతుందన్నాడు తమ్ముడు. చెక్కితే మందం తగ్గుతుంది, తగ్గితే వేడెక్కుతుంది, వద్దన్నాను. చివరికి అతనే తగ్గాడు. "సరే, నీ ఇష్టం. కొత్తయి తెచ్చుకోర్రి, ఏస్త."

రాణిగంజ్‌లో మూడు దుకాణాలు తిరిగాం. కారు కంపెనీ పెట్టెలో వచ్చే సరుకు మాకు అందేది కాదు. పెట్టె లేకుండా సంచిలో పోసి అమ్మే ప్యాడ్లు చవక. కానీ వాటిలో ఇనుపముక్కలు ఎక్కువగా కనిపించాయి. అవి డిస్కును తింటాయని చదివాను. మధ్య రకం ఒకటి ఉంది. వేరే తయారీ, మంచి పేరు, ధర సగం. నాలుగు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి, బడి స్కేలుతో మందం కొలిచాను. డిస్కు అంచు మీద కనీసం ఎంత మందం ఉండాలో అచ్చు వేసి ఉంటుంది. అది లేనిది పక్కన పెట్టేశాను.

దుకాణదారు మా ఆయనతో అన్నాడు. "క్యా భాయ్, ఆమెను నా దగ్గర పనికి పంపుతవా?"

"ఇంట్ల నాకే దొరుకుతలేదు," అన్నారు మా ఆయన. గొంతులో సంతోషం ఉంది. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం మళ్లీ వినలేదు.

షెడ్డులో కొత్త డిస్కుల మీది నూనె పొర తుడవమని గుర్తు చేసింది కూడా నేనే. బిగించాక తమ్ముడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పాడు. ఒళ్లో పెట్టుకున్న నోటుపుస్తకం కదల్లేదు. తరవాత ఆయన చెప్పులు షెడ్డు గుమ్మంలో విప్పి కారెక్కారు. నేను దిగలేదు. మలుపు దగ్గర నా నుదురు ముందుకు పోయి అద్దానికి తగిలినంత పనైంది. పాత కుదుపే.

వెనక్కి వచ్చి దిగి, కోపంగా షెడ్డులోకి నడిచారు. "ఏందిరా గిట్ల? కొత్తయి ఏసినా గదే కథ!"

తమ్ముడు కింద బండల వైపు చూస్తున్నాడు. కారు నుంచి ఆయన నిలబడ్డ చోటి దాకా నాలుగైదు ఎర్రటి మచ్చలున్నాయి.

"అన్నా, ఆగు. కాలు లేపు."

లేతు షాపు నుంచి ఉంగరాల్లా చుట్టుకున్న ఇనుప పొట్టు ఎప్పుడూ ఇటు కొట్టుకొస్తుంటుంది. అందులో ఒక చుట్ట ఆయన కుడి బొటనవేలి కింద దిగబడి ఉంది. బండి ఎక్కేటప్పుడే దిగి ఉండాలి. దానితోనే పెడల్ తొక్కారు.

"నొస్తలేదా అన్నా?"

"ఏం నొస్తది?" అన్నారు ఆయన. తరవాత తన కాలిని పైకి పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశారు.

తమ్ముడు పట్టకారుతో లాగాడు. ఆయన కన్ను కూడా ఆర్పలేదు. తమ్ముడు నా వైపు తిరిగి, చాలా మెల్లగా అన్నాడు. "వదినా, బ్రేకులు మంచిగనే ఉన్నయ్."

ఆయనకు పదకొండేళ్లుగా షుగరు ఉంది. ఆసుపత్రిలో డాక్టరు గారు ఆయన్ని కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ దారంతో పాదం మీద ఒక్కో చోట తాకించారు. తగిలినప్పుడు చెప్పమన్నారు. నేను చూస్తున్నాను. పది చోట్ల తాకించారు. కాసేపటికి మా ఆయన కళ్లు మూసుకునే అడిగారు. "ఇంకా షురూ చెయ్యలేదా డాక్టర్‌సాబ్?"

షుగరు మీద పుస్తకం కూడా నేను ఎప్పుడో తెచ్చి చదివాను. మెంతుల గురించి, అన్నం కొలత గురించి చదివాను. పాదాల అధ్యాయంలో పుండ్ల ఫొటోలు చూడలేక పేజీలు తిప్పేశాను. ఆ ఏడాదంతా ఇంట్లో నడుస్తుంటే ఆయన చెప్పు ఊడి వెనక ఉండిపోయేది, ఆయనకు తెలిసేది కాదు. పరధ్యానమని కసురుకున్నాను. బ్రేకు తెలియడం లేదని ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను బండి కింద వెతికాను.

ఇక చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దన్నారు డాక్టరు గారు. పుండు మానాక మా ఆయన బూట్లు వేసుకుని ఒక ఆదివారం గల్లీ చివరి దాకా కారు నడిపి చూశారు. రెండుసార్లు బ్రేకు వేసి ఆపారు, రెండుసార్లూ అదే కుదుపు. దిగి, తాళం నా చేతిలో పెట్టారు. "ఆ నలుగురికీ ఇంటికాడ పిల్లలున్నరు," అన్నారు. అంతే. బండి నడపొద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే అతను కారు కొన్నాడు. బూట్లతోనే ఎక్కి కూర్చున్నాడు. మా ఆయన ఆ బూట్ల వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. తిప్పి తెచ్చాక అతను అన్నాడు. "బ్రేకులు కొత్తయా? భలే పట్టుకుంటున్నయ్."

"మా ఆమె తెచ్చింది. చదివి తెచ్చింది," అన్నారు మా ఆయన.

పేర్లు రాయొద్దని ఆయన మాట. కాబట్టి పిలిచే తీరులోనే దండం పెడుతున్నాను. నా మొండితనాన్ని భరించి, ఆ రోజు నేల వైపు చూసిన మెకానిక్ తమ్ముడికి. వేరే బండి కుదిరినా పండక్కి వచ్చి పోయే నలుగురు టీచరమ్మలకు. సరుకు వాపస్ తీసుకోమని మేం అడగకపోయినా, విషయం తెలిసి ఇంటికి వచ్చి కూర్చున్న రాణిగంజ్ దుకాణం భాయికి. పాదాల అధ్యాయం కోసం ఆ షుగరు పుస్తకాన్నే మూడుసార్లు రెన్యూ చేసిన లైబ్రరీ సారుకు.

మా ఆయనకు కూడా. రోజూ సాయంత్రం ఆయన కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని, చేతి అద్దం కింద పట్టి అరికాళ్లు చూస్తాను. మొదట్లో సిగ్గుపడి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆయనే అడుగుతారు.

"ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు."

"మంచిగ చూడు. చదివినదానివి."