ఎస్ అక్షరం రంగు

వెర్నా లిండ్‌గ్రెన్ మినసోటాలోని ఓ చిన్న ఊరి పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసింది. నల్ల సిరాతో రాసినా ఒక్కో అక్షరం ఆమెకు ఒక్కో రంగులో కనిపిస్తుంది; ఊరి పేరు చదవకముందే మొదటి అక్షరం రంగు ఆమె కంటికి ఆనేది. ఎం, డి రెండూ ఇంచుమించు ఒకే ఇటుక రంగు కావడంతో, ఒకసారి మూర్‌హెడ్ ఉత్తరాలన్నీ డెట్రాయిట్ లేక్స్ గూట్లో వేసి చీవాట్లు తింది. కారణం మాత్రం చెప్పలేదు.

చిన్నప్పుడు చెప్పి చూసింది మరి. బడిలో టీచరమ్మ ఎ అక్షరాన్ని నీలం సుద్దతో రాస్తే, అది ఎరుపు కదా అని ఏడ్చింది. అబద్ధాలు నేర్చిందని అమ్మ సబ్బు పెట్టి నోరు కడిగింది. అయిదేళ్ళ చెల్లెలు ఆర్లిస్ తలుపు పక్కన నిలబడి చూసింది. ఆ చెల్లెలే అరవై ఏళ్ళుగా అక్క కోతల గురించి చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గర చెప్పి అందరినీ నవ్విస్తోంది. ఊరంతా నమ్మకపోయినా వెర్నాకు లెక్కలేదు. ఆర్లిస్ ఒక్కతి నమ్మితే చాలనుకునేది.

నిరుడు, ఇలా అక్షరాలు రంగుల్లో కనిపించేవాళ్ళ మీద పరిశోధన చేసే యూనివర్సిటీ పిల్ల ఒకతె వచ్చి ఇరవయ్యారు అక్షరాల రంగులూ రాసుకుపోయింది. నిజంగా కనిపించేవాళ్ళు ఎన్నాళ్ళకడిగినా అదే రంగు చెబుతారట. మళ్ళీ చెప్పాపెట్టకుండా అడుగుతానంది.

ఒక ఆదివారం ఆర్లిస్ మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ గిన్నె పట్టుకుని భోజనానికి వచ్చిన వేళ, ఆ పిల్ల ఫోన్ చేసి అడగనే అడిగింది. చెల్లెలికి కూడా వినపడాలని వెర్నా ఫోన్ స్పీకర్ పెట్టింది.

"మొదలైందమ్మా మా అక్క గారడీ," అంటూ ఆర్లిస్ కంచాలు సర్దింది.

వెర్నా గబగబా చెప్పుకుపోయి ఎస్ దగ్గర ఆగింది. వయసుతోపాటు రంగులు వెలిసిపోతున్నాయి, ఉతికి ఉతికి పాతబడ్డ గుడ్డలాగా. ఇప్పుడు తప్పు చెబితే చెల్లెలి ముందు ఇక తలెత్తుకోలేదు.

"ఎస్... ఆకుపచ్చే. కాకపోతే ఇదివరకంత ముదురు కాదమ్మా."

"ఆకుపచ్చేమిటి, నీ మొహం! ఎస్ ఎప్పుడూ తెలుపే కదా!" అనేసింది ఆర్లిస్. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫోన్లో ఆ పిల్ల హలో హలో అంటూనే ఉంది.

"నీకూనా?" అంది వెర్నా.

"నీ నోరు కడుగుతుంటే చూశానే అక్కా. భయమేసింది. పెద్దయ్యాక చెబుదామంటే సిగ్గేసింది."

"అందుకని అరవై ఏళ్ళు నన్ను అబద్ధాలకోరుని చేశావా?"

వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. హాట్‌డిష్ గిన్నె చేతిలో పెట్టి చెల్లెల్ని గుమ్మం దాటించింది. రెండు వారాలు ఫోనెత్తలేదు. లోకంలో తనొక్కతే ఇలా పుట్టిందనుకుని ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. మూడో ఆదివారం తనే నంబరు నొక్కింది.

"బి అక్షరం ఏ రంగే?"

"ముదురు నీలం," అంది ఆర్లిస్ ఏడుపు గొంతుతో.

"ఛీ, నీలమేమిటే!" అంటూ వెర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది.