ప్రత్తిపాడు ఓడల కాలేషా

కిందటి శుక్రవారం ఉదయం వాకిట్లో చాప పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుండగా ఫోను మోగింది. రెండు చేతులూ కారంగా ఉండడంతో మోచేత్తో నొక్కి మాట్లాడాను. అవతల ఖాసింబీ.

"టీచరుగారూ, ఆయన పోయాడండి" అన్నది.

"ఎవరు?" అని అడిగాను. ఎవరో తెలియక కాదు.

"మా ఆయనేనండి. తెల్లారి నమాజుకని కాళ్ళు కడుక్కుంటా పక్కకి ఒరిగాడు. గుంటూరు ఆసుపత్రికి తీసకపోతే దారిలోనే పోయాడన్నారు."

"సరే" అన్నాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు అలంకారాలూ సమాసాలూ బోధించిన తెలుగు పండితురాలి నోట ఆ క్షణాన వెలువడిన సంతాపవాక్యం అదొక్కటే. ఫోను పక్కన పెట్టి, మళ్ళీ చాప మీద కూర్చుని, మిగిలిన కాయలన్నిటికీ తొడిమలు తీశాను. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదన్న జాగ్రత్త మాత్రం మనసులో ఉంది. తుడుచుకోవలసిన అవసరం రాలేదు. ఇది రాస్తున్న ఈ పూట వరకూ రాలేదు.

షేక్ కాలేషా గారు ప్రత్తిపాడులో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఆయన నివాసం. ఊరికి ఆయన మిల్లులో రోలర్లు బిగించిన మనిషి. ఇంటి వెనక రేకుల వసారాలోకి అడుగుపెట్టినవారికే తెలిసిన సంగతి మరొకటుంది. కనుచూపు మేరలో సముద్రం లేని ఈ నల్లరేగడి నేల మీద, పత్తిచేలకూ మిరప కళ్ళాలకూ నడుమ కూర్చుని, ఆయన ఓడలు నిర్మించారు. అవి పిల్లల ఆటబొమ్మలు కావు. అసలు ఓడలో ఉన్న ప్రతి మెట్టూ, ప్రతి కిటికీ, ప్రతి తాడూ అదే నిష్పత్తిలో తగ్గి, ఉండవలసిన చోటనే ఉండే సూక్ష్మనౌకలు. ఆ విద్యకు ఆయనకు గురువు లేడు. ఇక శిష్యుడూ లేడు.

ఓడల మీద ఈ మమకారం ఎక్కడిదని ఒకసారి అడిగాను. యౌవనంలో ఒకమారు, దారిలో బండి చెడితే చూసుకునేందుకు, పత్తి బేళ్ళ లారీతో ఆయన్ను చెన్నై రేవుకు పంపారట. అక్కడ క్రేను ఆ బేళ్ళను ఎత్తి ఓడ గర్భంలోకి దించుతుంటే చూస్తూ నిలబడిపోయారట.

"ఆ బేళ్ళు మా మిల్లులో కట్టినవి టీచరుగారూ. అవి ఏ దేశం పోతయ్యో నేను చూడబోయేది లేదు. అవి ఎక్కిన దాన్నయినా సరిగ్గా చూడాలిగా అనిపించింది" అన్నారు.

ఊరికి తిరిగొచ్చి, చూసిన జ్ఞాపకంతో నూనె డబ్బా రేకును కత్తిరించి తొలి ఓడ చేశారు. దాని గతి ఏమైందో ఖాసింబీ ఎన్నోసార్లు చెప్పింది. "పెళ్ళయిన కొత్తలోనండి. ముచ్చటపడి షోకేసులో పెట్టుకున్నా. ఒకరోజు వంటింట్లోనుంచి వచ్చి చూస్తే ముక్కలు చేసుకుని కూర్చున్నాడు. ఏందయ్యా ఇది అంటే, అది అబద్ధం ఖాసీ, ఓడ లాగా ఉంది గానీ ఓడ కాదు అన్నాడు. అప్పుడే అర్థమైంది, ఈ మనిషితో కష్టమని." ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది. ఆయన తల దించుకుని ఆకురాయి రుద్దుకుంటూ, "పోలిక చాలదండి, కొలత ఉండాలి" అనేవారు. ఆ వసారాలో నేను అత్యధికంగా విన్న వాక్యం అదే.

ఆ కొలతల కోసం ఒక సీసపు మనిషిని పోతపోసుకున్నారు. నా చిటికెన వేలి గోటికన్నా కొంచెం పొడుగు. వందో వంతు ఓడలో మనిషి ఎత్తు అంతే ఉంటుందట. గది కట్టినా, మెట్టు అమర్చినా ముందు ఆ మనిషిని అక్కడ నిలబెట్టి, కంటికి భూతద్దం బిగించుకుని పరీక్షించేవారు. ఒకసారి నా ఎదుటే, నాలుగు రోజులు శ్రమించి చేసిన తలుపును పీకి పారేశారు. ఎందుకండీ అంటే, "వీడు తల వంచుకుని పోవాల్సొస్తంది. రోజుకి ఎన్నిసార్లు వంగుతాడండీ పాపం?" అన్నారు. పరిహాసం కాదు. ఆ సీసపు మనిషి నడుము గురించి ఆయనకు నిజంగానే చింత.

పాతకాలపు తెరచాప ఓడలకు పూనుకున్నాక తాళ్ళ సమస్య వచ్చింది. అంగట్లో దొరికే దారాల పురి ఓడతాళ్ళ పురికి సరిపోదు. చివరికి మిల్లు నుంచి గుప్పెడు మంచి పత్తి తెచ్చి, ఖాసింబీ చేత సన్నగా వడికించి, ఆ నూలుపోగులను వాకిట్లో బారుగా సాగదీసి, ఒక కొస ఆమెకు పట్టించి, రెండో కొసను చేతి డ్రిల్లుకు బిగించి తిప్పేవారు. మూడు పోగులు మెలిపడి అచ్చమైన ఓడతాడు తయారయ్యేది. దానికి తేనెమైనం రాసి నీడన ఆరబెట్టేవారు. "మా తాత దూదేకాడు, మా నాయన బేళ్ళు మోశాడు, నేను తాడు పేనుతన్నా. పత్తి మాత్రం మమ్మల్ని వదల్లేదు" అన్నారొకసారి, ఆ తాడును వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ.

మా స్నేహానికి ఆధారం భాష. ఓడల నిర్మాణం మీద ఆయన సంపాదించిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక నేను నిఘంటువు పట్టుకుని వెళ్ళి, అర్థం చెప్పేదాన్ని. నా పాండిత్యం ఊరుకోదు గదా. ఓడ ముందుభాగానికి నౌకాగ్రమనీ, వెనుకభాగానికి నౌకాపృష్ఠమనీ పదాలు కల్పించి ఇచ్చాను. ఆయన వినయంగా రాసుకున్నారు. తరువాత ఒక వేసవిలో మా కుటుంబంతో వాడరేవు వచ్చారు. అందరం సముద్రం చూస్తుంటే ఆయన సముద్రానికి వీపు పెట్టి, ఒడ్డున ఉన్న పడవను టేపుతో కొలవడం మొదలుపెట్టారు. పడవ యజమాని దూరం నుంచే అరిచాడు.

"ఏందయ్యో కొలతన్నావు? కొంటావా ఏంది?"

"కొననబ్బాయ్. ఈ ముందున్నదాన్ని ఏమంటారు మీరు?"

"అణియం. వెనకది అమరం. అది కూడా తెలవకుండా కొలతన్నావా?"

కాలేషా గారు నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "టీచరుగారూ, మన పదాలు కొట్టేద్దామా?" అన్నారు. ఇంటికి వచ్చాక నౌకాగ్రాన్నీ నౌకాపృష్ఠాన్నీ నేనే నా చేత్తో కొట్టేశాను. నా ఉద్యోగజీవితంలో నన్ను అంత సౌమ్యంగా దిద్దినవారు మరొకరు లేరు.

ఆయన ఓడలు అమ్మేవారు కారు. ఒక కల్యాణమండపం ఆసామి వచ్చి, రంగురంగుల సీరియల్ లైట్లు తగిలించి ఒక పెద్ద ఓడ చేసిపెట్టమని అడిగాడు. "ఓడ రేవులో ఉందా, నడిసముద్రంలో ఉందా? దాన్నిబట్టి ఏ లైటు వెలగాలో ఉంటదండి. ముందు అది చెప్పండి" అన్నారు ఈయన. ఆసామి మళ్ళీ రాలేదు.

ఇక నేను రాయక తప్పని సంగతి ఒకటుంది.

మా అక్క మరియమ్మది దాచేపల్లి. భర్త పోయాక సున్నపురాతి క్వారీలో కూలికి వెళ్ళి ఒక్కగానొక్క కొడుకు ప్రభుదాసును పెంచింది. వాడు సరుకుల ఓడలో డెక్కు మీద పనికి కుదిరాడు. మూడో ప్రయాణంలో, నడిసముద్రంలో, సరుకు నింపే గోతిలోకి దిగుతూ నిచ్చెన మీద నుంచి జారి పడి మరణించాడు. కొన్ని వారాల తరువాత పెట్టె వచ్చింది. తెరవవద్దన్నారు. తెరవకుండానే సమాధి చేశాం.

ఆ తరువాత కొన్నాళ్ళు అక్క నా దగ్గర ఉంది. ఏడ్చేది కాదు. రోజూ ఒకటే ప్రశ్న. "ఓడంటే ఎట్టా ఉంటదే? పడవ లాంటిదేగా? పడవలో కిందపడి ఎట్టా చచ్చిపోతారే?" ఫోనులో బొమ్మలు చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ బొమ్మల్లో ఆమె కొడుకు ఎక్కడా ఇమడలేదు. ఆఖరికి చెయ్యి పట్టుకుని కాలేషా గారి వసారాకు తీసుకువెళ్ళాను. ఆయన అంతా విని, "నాకు కొంచెం టైమియ్యమ్మా" అన్నారు.

ప్రభుదాసుతో పనిచేసిన కుర్రవాళ్ళ నంబర్లు నా చేత కనుక్కోమన్నారు. వాళ్ళు ఫొటోలు పంపారు, వీడియోలు పంపారు. మంటలు చెలరేగితే ఎటు పోవాలో చూపేందుకు ఓడ గోడలకు తగిలించే పటం ఒకటుంటుంది, దాన్ని ఫొటో తీసి పంపారు. ఆ పటం ఆధారంగా రెండువందల వంతుకు తగ్గించి మూడడుగుల ఓడ ఆరంభించారు. నెలలు గడిచాయి. పని మొత్తం ఒక్క నిచ్చెన దగ్గర ఆగింది. పంపిన ఫొటోల్లో దాని మెట్లు లెక్కకు అందడం లేదు. ఓడ ఏ దేశం రేవులోనో ఉంది. మరో ఫొటో రావాలి.

నాకు సహనం నశించింది. "ఆమె తల్లి కాలేషా గారూ, ఇన్స్పెక్టరు కాదు. మెట్లు లెక్కపెడుతుందా? ఉజ్జాయింపుగా పెట్టేయండి" అన్నాను కటువుగా.

ఆయన చేతిలో పని ఆపారు. "ఆమె లెక్కపెట్టదండి. నాకు తెలుసు. కానీ ఇది మనిషి పోయిన చోటు. ఇక్కడ నేను ఉజ్జాయింపు చెయ్యలేను" అన్నారు.

ఫొటో వచ్చింది. నిచ్చెన పూర్తయింది. అక్క దాచేపల్లి నుంచి వచ్చి ఆ ఓడ ముందు నేల మీద కూర్చుంది. కాలేషా గారు కూడా ఎదురుగా నేల మీదే కూర్చుని, చిమటాతో గోతి మూత పైకెత్తారు.

"ఇదేనమ్మా నిచ్చెన. ఇటునుంచి దిగతన్నాడంట."

అక్క వంగి లోపలికి చూసింది. "లోతెంతన్నా?"

"మీ చర్చి గోపురం మీదనుంచి కిందకెంతో, అంత."

"అంతుందా" అంది అక్క. మరోసారి వంగి చూసి, "అయితే పోతాడులే" అంది. అన్ని నెలల తరువాత, కొడుకు మరణించాడని ఆమె నమ్మింది ఆ క్షణానే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తరువాత వాడు నిద్రపోయిన గది కిటికీ చూపారు. భోజనం చేసిన గది చూపారు. చివరన కాగితంలో చుట్టి ఉంచిన ఒక సీసపు మనిషిని తీశారు. బియ్యపుగింజంత. ఈ ఓడ కొలతకు కొత్తగా పోసిన మనిషి. "వీణ్ణి ఎక్కడ పెట్టమంటావమ్మా?" అని అడిగారు.

"ఆ గుంట కాడ వద్దన్నా. వంటగది కాడ పెట్టు. ఆకలికి ఆగలేడు వాడు."

కాలేషా గారు వంటగది గుమ్మం ముందు ఒక చుక్క జిగురు వేసి, వాణ్ణి నిలబెట్టి, ఆరేదాకా చిమటాతో పట్టుకునే ఉన్నారు. అప్పుడు ఏడ్చింది మా అక్క. ఆ ఓడ నేడు దాచేపల్లిలో అక్క ఇంట అద్దాల పెట్టెలో ఉంది. ఊరి పక్క ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము పడుతుందని రోజూ అద్దం తుడుస్తుంది. కాలేషా గారు మాత్రం ఆ తరువాత చాలా రోజులు పనిముట్లు ముట్టుకోలేదు. వసారాలో ఊరికే కూర్చునేవారు.

శుక్రవారం మధ్యాహ్నం ఖననానికి జనాజా లేచింది. మగవాళ్ళంతా వెళ్ళాక ఖాసింబీ పక్కన కూర్చున్నాను. ఎవరో టీ ఇస్తే తాగాను. అందులో పంచదార ఎక్కువైందని గుర్తుంది. ఆ పూటకు సంబంధించి నాకు స్పష్టంగా గుర్తున్న అనుభూతి అదే. అక్కకు ఫోను చేసి చెప్పాను.

ఫలానావారి లోటు పూరింపరానిదని ప్రతి సంస్మరణలోనూ రాస్తారు. వ్యాసరచన పాఠంలో నేనే పిల్లల చేత రాయించాను. అది మర్యాద కోసం వాడే మాట అనుకునేదాన్ని. నిన్న మధ్యాహ్నం ఖాసింబీ నన్ను వసారాలోకి తీసుకువెళ్ళింది. బల్ల మీద ఒక తెరచాప ఓడ సగంలో ఉంది. మూడు స్తంభాలూ నిలబడి ఉన్నాయి. వాటి నుంచి పదుల కొద్దీ దారాలు వదులుగా వేలాడుతున్నాయి. ప్రతి దారం కొసకూ చిన్న కాగితపు ముక్క, దాని మీద ఆయన పెట్టుకున్న ఏదో గుర్తు. ఏ దారం ఎక్కడ ముడిపడాలో ఆ గుర్తుకు తెలుసు, ఆయనకు తెలుసు. నేను పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ గుర్తులు ఏ పుస్తకంలోనూ లేవు.

"ఇదెట్టా టీచరుగారూ?" అంది ఖాసింబీ.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆ సూక్ష్మశిల్పికి, ఆ సత్యసంధుడికి నేను సమర్పించగలిగిన నివాళి ఆ మాట ఒక్కటే. తెలియనిదాన్ని తెలిసినట్టు ఆయన ఎన్నడూ చేయలేదు.

పైన పంకా తిరుగుతోంది. ఆ గాలికి దారాలు కదిలి ఒకదాన్నొకటి చుట్టుకోబోయాయి. ఖాసింబీ లేచి వెళ్ళి స్విచ్చి ఆపేసింది. ఆ రేకుల కింద, ఆ ఎండలో, కదలకుండా వేలాడుతున్న దారాలను చూస్తూ సాయంత్రం దాకా ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం.